చక్రం ఆగేదాకా

"వడ్లు ఆడనప్పుడు కూడా దానికి నూనె తాగిస్తున్నావు, జోకొట్టి మరీ పడుకోబెడుతున్నావు. అదేమన్నా నీకు పుట్టిందా ఖాదరూ?"

అడిగినవాడు రైసుమిల్లు యజమాని వెంకటప్పయ్య. అడిగించుకున్నవాడు ఆ మిల్లులో ఇంజను డ్రైవరు ఖాదర్‌బాషా. తిరువూరులో విస్సన్నపేట రోడ్డు మీద ఉంది ఆ మిల్లు. 1974 మాఘమాసం, కొత్త ధాన్యం బళ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. బండివాళ్లు, హమాలీలు, తవుడు కోసం వచ్చిన ఆడవాళ్లు అందరూ ఆ ప్రశ్న విన్నారు. ఖాదర్‌బాషా మీసం ఒకసారి దువ్వుకుని, "పుట్టలేదండి. పుట్టినోళ్లు మన మాట ఎక్కడ వింటారండి? ఇది వింటుంది" అన్నాడు.

జనం నవ్వారు. వెంకటప్పయ్యకి నవ్వు రాలేదు. ఆ ఏడు డీజిలు గగనమైపోయింది. ఎక్కడో అరబ్బు దేశాల్లో తగువు వస్తే ఇక్కడ బంకు దగ్గర ఖాళీ డ్రమ్ములు వరసలో నిలబడ్డాయి. కరెంటు మిల్లులు కోతల వల్ల రోజులో సగం నిద్రపోతున్నాయి కాబట్టి ఆయిలింజను ఉన్న మిల్లుకి గిరాకీ బాగానే ఉంది, కానీ తాగడానికి దానికి నూనె కావాలి. అలాంటి రోజుల్లో ఈ డ్రైవరు పని ముగిశాక కూడా ఇంజన్ని దాదాపు పావుగంట ఉత్తినే తిప్పేవాడు. గింజ ఆడదు, తవుడు రాలదు. వెంకటప్పయ్య పిసినారి కాడు, లెక్క తెలిసిన మనిషి. ఆయన కోపంలో అన్యాయం లేదు.

ఖాదర్‌బాషా గురించి ముందే ఒక మాట చెప్పాలి. అణకువ, వినయం, నోట్లో నాలుక లేకపోవడం లాంటి సుగుణాలు అతనిలో వెతకొద్దు. పేదవాడి జీవితం రాసేవాళ్లు ముందుగా అతనికి వినయం తొడిగి, ఆ తర్వాత దండ వేస్తారు. ఇతనికి ఆ చొక్కా పట్టదు. చెవిలో అత్తరు దూది, మెళ్లో పువ్వుల రుమాలు, మీసానికి ఇంజను నూనె. బెజవాడ నుంచి ఖమ్మం దాకా తనలాంటి డ్రైవరు లేడని టీకొట్లో తానే చెప్పుకునేవాడు. పనే దైవం అని గోడల మీద రాసుకునే దేశం మనది. అలాంటి ముక్క ఒక్కటీ అతని నోటి వెంట ఎవరూ వినలేదు. ఇంజన్ని దైవం అని కూడా అనలేదు. "మనం తప్పు చేస్తే ఊరుకోదు, అంతే" అనేవాడు.

ఆ ఇంజను మనిషి కూర్చున్నట్టు కాక పడుకున్నట్టు ఉండేది. ఒకటే సిలిండరు. రెండు పక్కలా రెండు ఇనప చక్రాలు, ఒక్కోటి ఖాదర్‌బాషా కంటే ఎత్తు. సగం చక్రం నేలలో తవ్విన గోతిలో తిరిగేది. దాని చప్పుడు ఎ.కొండూరు రోడ్డు మీద పోయే బళ్లవాళ్లకి కూడా వినిపించేది. మిల్లు పక్క ఇళ్లలో గోడకి తగిలించిన పటాలు పొద్దున్నుంచి సాయంత్రానికి వంకరపోయేవి, రోజూ సరిచేసుకునేవాళ్లు.

ఇంత ఇనుముని చేత్తో తిప్పి మొదలుపెట్టడం కుదరదు. గది మూల మనిషెత్తు ఇనప బాటిలు ఒకటి ఉండేది. దాని నిండా బిగించి పెట్టిన గాలి. పొద్దున్నే ఖాదర్‌బాషా దాని మూత తిప్పగానే ఆ గాలి బుస్సుమంటూ సిలిండరులోకి దూరి చక్రాన్ని తోసేది. ఒకటి రెండు చుట్లు గాలి తిప్పితే, ఆ తర్వాత నూనె అందుకునేది. గొట్టంలోంచి మొదటి పొగ చుట్ట పైకి లేచేది. దాన్ని చూడటానికి బడికి పోయే పిల్లలూ పనికి పోయే పెద్దలూ ఆగేవాళ్లు. ఖాదర్‌బాషా వాళ్ల కోసమే రుమాలు సర్దుకునేవాడు.

ఆపడం చూడటానికి మాత్రం ఎవరూ ఆగేవాళ్లు కాదు. అసలు విద్య అంతా అక్కడే ఉంది.

ఆ విద్య అతనికి బెజవాడ మిల్లులో రాయప్ప అనే పాత డ్రైవరు నేర్పాడు. రాయప్ప శిష్యుడి చేత ఇంజన్ని మొదటి వారమే మొదలుపెట్టించాడు, ఆపనివ్వడానికి మాత్రం ఏడాది పట్టింది. "మొదలుపెట్టేవాడు డ్రైవరు. ఆపేవాడు మేస్త్రీరా బాషా" అనేవాడట.

సాయంత్రం ఆఖరి బస్తా ఆడాక ఖాదర్‌బాషా కర్రతో బెల్టుని పక్క పుల్లీ మీదికి జరిపేవాడు. బియ్యం ఆడే హల్లరు, జల్లెడలు అన్నీ నీరసంగా మూలిగి ఆగిపోయేవి. ఇంజను ఒక్కటే బరువు దిగిన ఎద్దులా తేలిగ్గా తిరుగుతుండేది. అప్పుడు గాలి బాటిలు మూత తెరిచేవాడు. పొద్దున్న ఆ బాటిల్లోంచి ఎంత గాలి వాడుకుందో అంతా ఇంజను ఇప్పుడు తన ఊపిరితోనే తిరిగి నింపాలి. నింపాక మూత గట్టిగా బిగించేవాడు. తర్వాత సిలిండరు చుట్టూ తిరిగి బయటికి వచ్చే నీళ్ల గొట్టం మీద చెయ్యి వేసి నిలబడేవాడు. మొదట్లో చెయ్యి ఆనదు. తీసి మళ్లీ వేసేవాడు. జ్వరం చూసినట్టు చూసేవాడు. లోపలి వేడి మెల్లగా నీళ్లతో బయటికి వచ్చేసి, చెయ్యి ఆనించి ఉంచగలిగినప్పుడు గానీ నూనె మీట ఎత్తేవాడు కాదు.

మీట ఎత్తగానే చప్పుడు పోయేది. చక్రాలు మాత్రం ఆగేవి కావు. నిప్పు లేదు, నూనె లేదు, ఊళ్లో పటాలు వణికించిన ఆ మోత లేదు; అంత ఇనుమూ గాలిని కోసుకుంటూ, గాలి తప్ప వేరే చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉండేది. గదిలో పిచ్చుకలు తిరిగి అరవడం మొదలుపెట్టేవి. చివరికి ఒక పూర్తి చుట్టు తిరగలేక, సగం దూరం పోయి వెనక్కి ఊగి, మళ్లీ ముందుకి ఊగి, ఉయ్యాలలా తూగేది. అప్పుడు ఖాదర్‌బాషా అంచు పట్టుకుని, తెల్ల రంగుతో గీసిన గీత ఎదురుగా వచ్చేలా చక్రాన్ని లాగి నిలబెట్టేవాడు. గీత అక్కడ ఉంటేనే మర్నాడు గాలి సరైన వైపు తోస్తుంది.

అంటే రేపు పొద్దున మొదలయ్యేది రేపు పొద్దున కాదు, ఇవాళ సాయంత్రం. ఈ సంగతి వెంకటప్పయ్యకి అతను చెప్పాడు. "ఏడాది మానేసి చూద్దాం, ఏమవుతుందో" అన్నాడాయన. అలా చూడటానికి వీల్లేదని, కావాలంటే ఆ పావుగంట నూనె ఖరీదు తన జీతంలో కోసుకోమని ఖాదర్‌బాషా అందరి ముందూ అనేశాడు. గొప్పలు పోయేవాళ్లకి ఇదే కష్టం. అన్నాక వెనక్కి తీసుకోలేరు.

వెంకటప్పయ్య నిజంగానే కోశాడు. జీతం నూట పది. కోత నెలకి ఎనిమిది. మొదటి నెల జీతం చూసుకోగానే దారికొస్తాడని ఆయన లెక్క. రెండో నెలా మూడో నెలా ఖాదర్‌బాషా పావుగంట తిప్పుతూనే ఉన్నాడు. ఇతరుల ఇంజనుకి తన డబ్బుతో నూనె పోసే మనిషిని తిరువూరు అదివరకు చూడలేదు. టీకొట్లో అతన్ని చూసి, "మా బండికి కూడా కాస్త కందెన పోసిపో భాయ్" అని ఆటపట్టించేవాళ్లు.

ఇంట్లో ఆట లేదు. భార్య మీరాబీ బీడీ ఆకుకి పోయే మనిషి, ఎనిమిది రూపాయలంటే ఏమిటో చేతులకి తెలిసిన మనిషి. "గేదె వాళ్లది, పాలు వాళ్లవి, గడ్డి మాత్రం మనది" అని వీధిలోకి వినపడేలా అనేది. ఒకరోజు అసలు తన సంసారాన్ని మేస్తున్నదేమిటో చూద్దామని సాయంత్రం కొంగు తల మీదికి లాక్కుని మిల్లుకి వచ్చేసింది. ఖాదర్‌బాషా ఆమెను ఇంజను గది గుమ్మంలో నిలబడమన్నాడు. బెల్టు జరిపాడు, గాలి నింపాడు, గొట్టం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆమె మూతి ముడుచుకునే ఉంది. అతను మీట ఎత్తాడు.

చప్పుడు లేకుండా తిరుగుతున్న చక్రాల్ని ఆమె చాలాసేపు చూసింది. కొంగు అంచు దాని గాలికి కదులుతోంది.

"ఇప్పుడెవరు తిప్పుతున్నారు దాన్ని?" అంది, గొంతు తగ్గించి.

"ఎవరూ తిప్పట్లా. పొద్దుటినించీ తిరిగింది కదా, అదే తిప్పుకుంటోంది."

చక్రం ఊగి, నిలబడేదాకా ఆమె కదల్లేదు. ఆ తర్వాత గేదె మాట మానేసింది. అయితే డబ్బు మాట మానలేదు. చూసి నోరు తెరవడం వేరు, ఎనిమిది రూపాయలు వేరు. ఆ రెంటినీ కలిపేసి త్యాగం అనే పేరు పెట్టడం ఆమెకి చేతకాదు. కోసిన ప్రతి పైసా ఎప్పటికైనా తన చేతికే రావాలని మొగుడి చేత వెంకటప్పయ్యకి చెప్పించింది. ఆయన "చూద్దాంలే" అన్నాడు.

ఇలా ఒక ఏడాది పోయి రెండో ఏడు సగం దాటింది. 1975 దసరా వచ్చింది.

ఆ మిల్లులో ఏటా ఆయుధపూజ జరిగేది. ముందురోజే ఇంజన్ని ఆపి, కడిగి, పండగనాడు పసుపు రాసి, బొట్లు పెట్టి, పురోహితుడు ఒక బిందెడు పసుపు నీళ్లు సిలిండరు తల మీద ధారగా పోసేవాడు. చల్లటి ఇనుము మీద చల్లటి నీళ్లు. దానివల్ల దానికి మేలూ లేదు, కీడూ లేదు. ఖాదర్‌బాషా కూడా ఆ రోజు కొత్త రుమాలు కట్టుకుని ప్రసాదం తినేవాడు.

ఆ ఏడు ముందురోజు ఆపడం కుదరలేదు. సర్కారుకి ఇవ్వాల్సిన లెవీ బియ్యం బాకీ పడింది. పండగ దాటిన రెండో రోజుకల్లా లారీ ఎక్కించకపోతే లైసెన్సు రద్దు అని తాసిల్దారు ఆఫీసునుంచి కబురు. అసలే ఎమర్జెన్సీ రోజులు. అందుకని పండగ పొద్దున కూడా మిల్లు ఆడింది. పూజ ముహూర్తం పదకొండింటికి అన్నారు గనక, పదింబావుకల్లా ఆపడం మొదలుపెడతానని ఖాదర్‌బాషా ముందే చెప్పి ఉంచాడు.

పది కాకముందే పురోహితుడు వచ్చేశాడు. ఆయనకి ఇంకా రెండు మిల్లులు, ఒక లారీ షెడ్డు ఉన్నాయి. పంచాంగం మళ్లీ చూసుకుంటే వర్జ్యం ముందే వస్తోందని, ఈ క్షణమే కానిచ్చేయాలని తేల్చాడు. వెంకటప్పయ్య ఇంజను గది గుమ్మంలోకి వచ్చి ఆపమని కేక వేశాడు. ఖాదర్‌బాషా బెల్టు కర్ర అందుకోవడానికి అటువైపు వెళ్లాడు. వెనకాల పళ్లేలు పట్టుకుని బంధువులు, గంట, హారతి. వర్జ్యం తరుముకొస్తోంది. ఇంకో పావుగంట ఎవరు నిలబడతారు? వెంకటప్పయ్య నాలుగడుగులు వేసి, రోజూ చూసే ఆ మీటని తానే ఎత్తేశాడు.

హల్లరు నిండా వడ్లుండగానే, బరువు మీద ఉండగానే ఇంజను ఆగిపోయింది. ఉయ్యాల లేదు, గీత లేదు. గొంతు పట్టుకున్నట్టు ఆగింది. బాటిల్లో గాలి పొద్దున వాడింది వాడినట్టే ఉంది, నింపలేదు. లోపలి వేడంతా లోపలే ఉండిపోయింది. అంతలో గంట మోగింది, మంత్రం మొదలైంది, పురోహితుడు బిందె ఎత్తాడు.

ఖాదర్‌బాషా అరిచాడు గానీ గంట చప్పుడులో ఎవరికీ వినపడలేదు. బిందె పట్టుకుని ఆపచ్చు. కానీ పూజ బిందె మీద సాయెబు చెయ్యి పడితే జరిగే రభసలో నీళ్లు ఎటూ ఒలికిపోతాయి. అంత ఆలోచించాడో లేదో తెలీదు. బెల్టు కర్ర పారేసి ఒక్క ఉరుకున వచ్చి, సిలిండరుని రెండు చేతులా వాటేసుకుని దాని మీద బోర్లా పడ్డాడు. పసుపు నీళ్లు అతని వీపు మీద ధారగా పడ్డాయి. పక్కకి జారిన నాలుగు చుక్కలు ఇనుము మీద పడి సుయ్యిమని ఆవిరై లేచాయి. ఆ చప్పుడు విన్నాక అక్కడ ఎవరికీ ఏమీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

గంట ఆగింది. అతను లేచేసరికి మోచేతుల దాకా చర్మం కమిలిపోయి ఉంది, చొక్కా ముందు వైపు కాలింది, వెనక వైపు పచ్చగా కారుతోంది. వెంకటప్పయ్య దగ్గరికొచ్చి చూశాడు. "చేతులు కాలాయేంట్రా?" అన్నాడు.

"ముందు హెడ్డు చూడండి" అన్నాడు ఖాదర్‌బాషా.

హెడ్డు, అంటే ఆ సిలిండరు తల, పగల్లేదు. ఆ ఏడు ఆయుధపూజ ఇంజనుకి కాక ఖాదర్‌బాషాకి జరిగిందని ఊరు వారం రోజులు చెప్పుకుంది. మైల పడిందన్నవాళ్లు కొందరు. మతసామరస్యం అని ఒక ఉపన్యాసకుడు చౌరస్తాలో అరగంట మాట్లాడాడు. ఈ రెండు రకాల జనాన్నీ ఒకే గోతాంలో కట్టి తూకం వెయ్యొచ్చు. కాలే ఇనుము మీద ఎందుకు పడ్డావయ్యా అని టీకొట్లో ఎవరో అడిగితే అతను చెప్పిన జవాబు నాకు వాళ్లందరి మాటలకంటే విలువైనది: "చన్నీళ్లు పడితే నేను పగలను కదండీ. అది పగులుద్ది."

ఇంజను బతికింది, కానీ లేవలేదు. మర్నాడు పొద్దున గాలి మూత తిప్పితే బాటిలు ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది. చక్రం జానెడు కదిలి ఆగింది. లెవీ బియ్యానికి ఇంకొక్క రోజే గడువు. బెజవాడ నుంచి గాలి నింపిన బాటిలు తెప్పించాలంటే ఆ రోజు కాస్తా అయిపోతుంది. వెంకటప్పయ్య గుమ్మంలో పీట వేసుకుని కూర్చుండిపోయాడు. ఆయన అడక్కుండానే ఖాదర్‌బాషా మోకు తెమ్మన్నాడు.

బావి మోకు తెచ్చి చక్రం చుట్టూ చుట్టారు. రెండో కొస గుమ్మంలోంచి రోడ్డు మీదికి పరిచారు. హమాలీల మేస్త్రీ జోజప్ప తన మనుషులందరితో వచ్చి, "నిన్న గాలి తీసిందొకరు, ఇవాళ లాగేది మేమా బాషా?" అన్నాడు. అంటూనే మోకు అందుకున్నాడు. వాళ్లు చాలక బండివాళ్లు, టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు, రెడ్డిగూడెం బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా పట్టుకున్నారు. పురోహితుడు పంచె ఎగ్గట్టి వరసలో నిలబడ్డాడు. దాన్ని పశ్చాత్తాపం అనుకోనక్కర్లేదు. ఆయన ధాన్యం కూడా మిల్లులోనే ఉంది.

ఖాదర్‌బాషా చేతులకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. సిలిండరు లోపలి బిగువుని వదిలించే చిన్న మీటని మోచేత్తో నొక్కి పట్టుకుని, లాగమన్నాడు. జోజప్ప పాట అందుకున్నాడు. చక్రం కదిలింది. ముందు బద్ధకంగా, తర్వాత కొంచెం ఇష్టంగా. మోకు జారి ఊడి రోడ్డు మీద పడింది, మనుషులు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇంజను ఒక దగ్గు దగ్గి ఊరుకుంది. మళ్లీ చుట్టారు. ఈసారి లోపలినుంచి అతను చెయ్యి ఎత్తేదాకా ఎవరూ వదల్లేదు. మోకు ఊడిన క్షణంలోనే మోచెయ్యి తీసేశాడు.

గొట్టంలోంచి నల్లటి చుట్ట ఒకటి లేచింది. ఇంకొకటి. రోడ్డు మీద పడినవాళ్లు పడినచోటే కూర్చుని, తలలెత్తి, తాము లాగి లేపింది ఇంతదా అన్నట్టు చూస్తుండిపోయారు. రోజూ వినే మోతే. ఆ రోజు మాత్రం ఎవరూ దాన్ని మోత అనలేదు.

ఆ సాయంత్రం బస్తాలు లారీ ఎక్కాక ఖాదర్‌బాషా బెల్టు జరిపాడు. వెంకటప్పయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గాలి నిండటం చూశాడు, గొట్టం మీద తాను కూడా చెయ్యి వేసి తీసేసుకున్నాడు, చక్రం ఊగి నిలబడేదాకా ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా సొంతమైన ఇంజను ఆగడం ఆయన చూడటం అదే మొదలు. వెళ్తూ వెళ్తూ, "రేపట్నించి నీ ఇష్టమొచ్చినంతసేపు తిప్పుకో. కోత లేదు" అన్నాడు. తప్పయిందని అనలేదు. ఖాదర్‌బాషా ఆ మాట కోసం చూడలేదు కూడా. టీకొట్లో ఈ కథని వెంటనే రెండింతలు చేసి చెప్పుకోవాల్సిన పని అతనికి ఉంది.

1978లో మిల్లుకి కరెంటు మోటారు వచ్చింది. ఆకుపచ్చ బొత్తాం నొక్కితే మొదలు, ఎర్ర బొత్తాం నొక్కితే ఆఖరు. పాత ఇంజన్ని గాలి బాటిలుతో సహా విస్సన్నపేటలో ఒక నూనె మిల్లువాళ్లు కొన్నారు. చివరి రోజు అందరూ చూస్తుండగా ఖాదర్‌బాషా దాన్ని ఆపాడు. రేపు ఆడేది లేదు, త్వరగా కానివ్వమని ఎవరో అన్నారు. అతను బెల్టు జరిపి, గాలి నింపి, మూత బిగించి, గొట్టం మీద చెయ్యి పెట్టి, రోజూ నిలబడ్డంతసేపూ నిలబడ్డాడు. మీట ఎత్తాక ఆ నిశ్శబ్దంలో చక్రాలు తిరుగుతుంటే ఈసారి గుమ్మం నిండా మనుషులున్నారు. మీరాబీ ముందు వరసలో ఉంది. గీత ఎదురుగా చక్రం నిలబడ్డాక, అతను దానికి అంటిన నూనెని తన మీసానికి రాసుకుని బయటికి వచ్చాడు.

నాలుగు రోజుల తర్వాత విస్సన్నపేటలో ఆ ఇంజన్ని దిమ్మె మీద బిగించి, కొత్త డ్రైవరు అలవాటు ప్రకారం గాలి మూత తిప్పి చూశాడట. బాటిలు నిండుగా ఉంది. చక్రం ఒక్క చుట్టు తిరిగి, మొదటిసారికే నూనె అందుకుంది. తిరువూరులో అతను పోసిన ఊపిరితో పక్క ఊళ్లో ఇంజను లేచింది. ఆ కబురు తెచ్చిన లారీవాడి చేత ఖాదర్‌బాషా దాన్ని మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఇప్పుడతను మోటారు మిల్లులోనే బొత్తాలు నొక్కుతున్నాడు. ఎర్ర బొత్తాం నొక్కాక, చప్పుడు పూర్తిగా పోయేదాకా దాని పక్కనే నిలబడతాడు; దానివల్ల ఏ ప్రయోజనమూ లేదని అతనికీ తెలుసు. మీరాబీ ప్రతి దసరాకీ వెంకటప్పయ్య ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని అడిగి వస్తుంది. ఆయన కాదనడు, చూద్దాంలే అంటాడు. ఇరవై నెలల కోత, నెలకి ఎనిమిది చొప్పున, నూట అరవై రూపాయలు ఆమెకి ఇంకా రావాలి.